నమోదు కాని కాలమ్

పోయిన వారం పనిమీద దోహా శివార్లలో ముఐథర్‌లోని మా బస్సుల యార్డుకు వెళ్ళాను. ఖాళీగా నిలిపి ఉన్న ఒక బస్సు ఎక్కగానే, ఎండకు కాగిన రెగ్జిన్ సీట్ల వాసన, అందులో కలిసిపోయిన నారింజ తొక్కల వాసన గుప్పుమని ముఖానికి కొట్టాయి. పిల్లలు దిగిపోయినా వాళ్ళ వాసన బస్సును వదలదు. ఆ వాసనకు రాజమల్లు సార్ గుర్తొచ్చారు. ఇక్కడ నన్ను మొదటిసారి బస్సెక్కించింది ఆయనే.

దోహాలో బడిపిల్లల బస్సులు నడిపే మా కంపెనీలో రికార్డుల విభాగానికి ఆయన పెద్ద. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి కట్టడాల పనికి వచ్చిన మనిషి. సైట్‌లో కాలు విరిగాక యార్డు గేటు దగ్గర బస్సుల రాకపోకలు రాసే పనిలో పెట్టారట. ఆ రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని, అడిగి అడిగి విసిగించి పని నేర్చుకున్నారు. ఏ పాప ఏ బస్సులో వస్తుందో, ఎక్కడ దిగుతుందో టేబుళ్ళుగా, అంటే పట్టికలుగా, రాసి ఉండే డేటాబేస్ మొత్తం నేను చేరేనాటికే ఆయన చేతిలో ఉంది. నేనేమో గుంటూరులో ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఇదే పని చేసి వచ్చినదాన్ని. ఈయన దగ్గర నేర్చుకునేది ఏముంటుందిలే అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

మొదటి రోజు నేను కంప్యూటర్ తెరవబోతుంటే ఆపారు. "టేబుళ్ళు తర్వాత సూద్దువు గని బిడ్డా. ముందు అబూ హమూర్ పోయే బస్సెక్కు. ఆఖరి పిల్ల దిగేదాంక నువ్వు దిగకు." ఆ ఎండలో గంటన్నర తిరిగి వచ్చాను. ఏం చూశావని అడిగారు. "ఇరవై ఆరు స్టాపులండీ" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "స్టాపులు కాదు, తలుపులు. ఒక్కో తలుపు కాడ ఒకలు నిలవడి సూస్తుంటరు. అది యాదుంచుకుంటే సాలు."

మా దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. టేబుళ్ళ రూపం మారిన ప్రతిసారీ, అంటే కొత్త కాలమ్ చేరినా పాతది తీసేసినా, ఎవరు మార్చారో ఎందుకు మార్చారో వరుసగా రాసిపెట్టేది. దాన్ని దాటి నేరుగా డేటాబేస్‌లో చెయ్యి పెట్టకూడదన్నది సార్ పెట్టిన ఒకే ఒక్క నియమం. బడులు తెరిచిన వారంలో నేను దాన్ని మీరాను. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. గురువారం సాయంత్రం మా పాపను అమ్మమ్మ ఇంటి దగ్గర దింపండి, మా బాబును వాళ్ళ నాన్న ఇంటి దగ్గర దింపండి అంటూ ఫోన్ మీద ఫోన్. ఆ రెండో చిరునామా రాయడానికి టేబుల్‌లో చోటు లేదు. నేరుగా డేటాబేస్‌లోకి వెళ్ళి ఒక కాలమ్ చేర్చేశాను. సాయంత్రం నమోదు చేద్దాంలే అనుకున్నాను. మర్నాడు అనుకున్నాను. నెల గడిచేసరికి, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఏం చేశావంటారని భయం పట్టుకుంది.

ఆ శీతాకాలంలో కంపెనీ ఏఐ అసిస్టెంట్‌ను తెచ్చింది. దాన్ని మా సాఫ్ట్‌వేర్‌కు కలిపే పని నాకు అప్పగించారు. సార్ బెదురుతారనుకున్నాను. ఆయన మాత్రం కొత్తగా చేరిన మనిషికి కుర్చీ వేసినంత సంబరపడ్డారు. "అన్నీ సూడనియ్యి. ఏం మార్చాల్నో రాసి సూపియ్యనియ్యి. మార్చుడు మాత్రం మనం సదివినంకనే" అన్నారు. అలాగే చూడటానికి మాత్రమే అనుమతి ఇచ్చి కలిపాను. వచ్చే వారం కొత్త సర్వర్‌కు మారబోతున్నాం, నమోదైన మార్పులను బట్టి అక్కడ టేబుళ్ళు కట్టాలి, అంతా సరిగా ఉందా అని దాన్ని సార్ అడిగారు. కాసేపటికి జవాబు వచ్చింది. నడుస్తున్న డేటాబేస్‌లో ఉన్న ఒక కాలమ్ నమోదుల్లో ఎక్కడా లేదు, ఎవరు చేర్చారో తెలియదు, ఇలాగే మారితే కొత్త సర్వర్‌లో అది ఉండదు, దాని అవసరమేమిటో వాడేవాళ్ళను అడగండి అని.

అది నేను పెట్టిన కాలమే. ఆ కాలమ్ లేకపోతే గురువారం నాడు పిల్లలు తాళం వేసి ఉన్న ఇళ్ళ ముందు దిగుతారు.

మర్నాడు పొద్దున మీటింగ్‌లో మేనేజర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇది కచ్చితంగా థామస్ పనే అన్నాడు. థామస్ నా పక్క సీటులో పనిచేసి, అంతకు ముందు నెలే కేరళ వెళ్ళిపోయిన మనిషి. నేను బల్ల వంక చూస్తూ కూర్చున్నాను. సార్ లేచి యార్డు వైపు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం దాకా చెప్పడం నా వల్ల కాలేదు. యార్డులో బస్సు నీడన నిలబడి ఉన్న ఆయన దగ్గరికి వెళ్ళి, "సార్, ఆ కాలమ్ నేనే పెట్టానండీ" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"నాకెరికే బిడ్డా."

"ఎలా తెలుసండీ?"

"రెండో డ్రాప్ అని పేరు వెట్టినవ్ గద. ఇంగ్లీషు అక్షరాలైతే మాత్రం, మాట తెలుగుదే గద! థామస్‌కు తెలుగెప్పుడొచ్చింది?"

ఏడుస్తూనే నవ్వేశాను. ఆయన కూడా నవ్వారు. మరి మీటింగ్‌లో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేను జెప్తే నువ్వు దొరికినట్టయితది. నువ్వే జెప్తవని సూసిన." తన సంగతి కూడా చెప్పారు. గేటు దగ్గర పనిచేసే రోజుల్లో, ఒకాయన వచ్చి ఇల్లు మారామని చెబితే తర్వాత రాద్దామని ఊరుకున్నారట. వాళ్ళ పాప పాత ఇంటి ముందు దిగి, దారి తెలియక ఒక కిరాణా కొట్టు మెట్ల మీద కూర్చుండిపోయింది. "నేనే పోయి తోలుకొచ్చిన. నీళ్ళు గావాలె, దూప అయితుందన్నది, అంతే. నన్నేం అనలే. ఇప్పటికీ నిదురల వినవడ్తది." తర్వాత గొంతు మార్చి, "నాకు జెప్పుడు అయిపోయింది. థామస్ మీద వడ్డది గద, అది తియ్యాలె. యల్లా, నడువు" అన్నారు.

థామస్ కాదు, నేనే చేశానని చెబితే మేనేజర్ నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చాడు. నేను వచ్చేదాకా సార్ బయటే నిలబడి ఉన్నారు. ఆ తర్వాత ఇద్దరం కూర్చున్నాం. నమోదుకు కావలసినదంతా అసిస్టెంట్ రాసిచ్చింది. ఎందుకు చేశారు అన్న చోట మాత్రం ఖాళీ వదిలి, కారణం మీరే చెప్పాలంది. గురువారం వేరే ఇంటికి వెళ్ళే పిల్లల కోసం అని, చెప్పకుండా చేశానని, నా పేరుతో రాశాను. సార్ రెండుసార్లు చదివి ఒప్పుకున్నారు. కొత్త సర్వర్ మీద మొదటి గురువారం ఆఖరి బస్సు తిరిగి వచ్చేదాకా ఇద్దరం గేటు దగ్గరే ఉన్నాం. పిల్లలంతా ఎవరి తలుపు దగ్గర వాళ్ళు దిగారు.

మరుసటి ఏడాది ఆయన ఊరికి వెళ్ళిపోయారు. అక్కడ అందరూ ఆయనను దుబాయ్ రాజమల్లు అంటారట. దుబాయ్ మొఖం కూడా చూడలేదని ఫోన్‌లో చెప్పి నవ్వుతారు.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. మొన్న ఆదివారం అసిస్టెంట్ నమోదు కాని ఇంకో మార్పును పట్టుకుంది. ఎవరి పనో నాకు చూడగానే అర్థమైంది. మీటింగ్‌లో ఎవరు చేశారని అడగలేదు. సరిచేసేదాకా ఏ మార్పూ ముందుకు వెళ్ళదని మాత్రం చెప్పి, నా గదికి వచ్చి తలుపు తీసి ఉంచాను. భోజనాల వేళ దాటాక నేననుకున్న అమ్మాయే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, మీతో ఒక మాట చెప్పాలి" అంది.

కూర్చోమని కుర్చీ జరిపాను.