వెనకున్న గొంతు

అమీర్‌పేట హాస్టళ్లలో ఆదివారం రాత్రి మెస్ ఉండదు. చేరేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు. మధ్యాహ్నం చికెన్ వడ్డించేసి, దాంతో మన రుణం తీరిపోయినట్టు వంటాయన తాళం వేసుకుని వెళ్ళిపోతాడు. మిగతా ఆరు రోజులు ఎలాగో గడుస్తాయి. ఆఫీసు ఉంటుంది, తిట్టుకోవడానికి పంజాగుట్ట సిగ్నల్ ఉంటుంది. ఆదివారం సాయంత్రమే మనిషికి తనకెవరూ లేరన్నది తెలిసివచ్చేది.

నేను గోదావరి వైపు నుంచి కంప్యూటర్ కోర్సు కోసం వచ్చినవాణ్ణి. మూడు నెలల్లో నేర్చేసుకుని, ఉద్యోగం కొట్టి, గచ్చిబౌలి వైపు ఎగిరిపోవాలన్నది ఇక్కడికొచ్చే అందరి లెక్కా. నాతో వచ్చినవాళ్ళు అలాగే ఎగిరిపోయారు. నాకు మాత్రం ఆ కోర్సు బుర్రకెక్కలేదు. పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో లెక్కలు చూసే పని దొరికితే అందులోనే కుదురుకుని, హాస్టల్లోనే ఉండిపోయాను. గదిలో పక్క మంచాల మీద మనుషులు మారుతూ వచ్చారు. మొదట్లో అందరి పేర్లూ గుర్తుపెట్టుకునేవాణ్ణి, తర్వాత మానేశాను. పేరు నోటికి అలవాటయ్యేలోపే వాడు పెట్టె సర్దుకుంటాడు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పొద్దున, ఏం తోచక వీధులు పట్టుకుని తిరుగుతూ ఒక బడి మైదానం గేటు దగ్గర ఆగాను. లోపల ఒకదాని మీద ఒకటి పడి నాలుగైదు క్రికెట్ ఆటలు జరుగుతున్నాయి. ఓ మూల మాత్రం కొందరు ఒకరి నడుములొకరు పట్టుకుని కింద పడేసుకుంటున్నారు. కొట్లాట అనుకున్నాను. పరాయివాళ్ళ కొట్లాట చూడ్డం నాకిష్టం కాబట్టి కదల్లేదు. ఇంతలో ఒక పెద్దమనిషి చెమటలు కక్కుకుంటూ నా దగ్గరికొచ్చారు. నలభై దాటిన వయసు, దుక్కలాంటి ఒళ్ళు. ఎడమ చెవి ఎండిన వడియంలా ముడుచుకుపోయి ఉంది.

"ఖాళీగున్నవా తమ్మీ? ఒకడు తక్కువైండు" అన్నారు.

నన్ను అంత అవసరంగా అంతకుముందు ఎవరూ అడగలేదు. ఖాళీగానే ఉన్నానని చెప్పాను. ఆ మాట అప్పటికి కొన్నేళ్ళుగా నిజం.

అది రగ్బీ అని ఆట సగంలో తెలిసింది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతుల్లో పట్టుకుని పరుగెత్తి, అవతలి గీత దాటించి నేలకానించాలి. క్రికెట్ పిల్లలు మమ్మల్ని చూసి, కొబ్బరికాయ కొట్టుడు అయిందా అని నవ్వేవాళ్ళు. ఈ ఆటలో ఒక విచిత్రమైన నియమం ఉంది. పరుగేమో ముందుకే, కానీ చేత్తో బంతి విసిరితే మాత్రం పక్కకో వెనక్కో పోవాలి. బంతి పట్టుకున్నవాడికి ఎదురుగా కనిపించేదంతా శత్రువులే, తనవాళ్ళందరూ వీపు వెనకే ఉంటారు. వాళ్ళు ఉన్నారో లేదో తెలిసే దారి ఒక్కటే, గొంతు.

అన్నకి (ఆయన్ని అందరం అన్నా అనే పిలిచేవాళ్ళం) ఈ విషయంలో పిచ్చి కోపం. బంతి జారవిడిస్తే క్షమించేవారు, పారిపోతే కూడా క్షమించేవారు. కానీ బంతి ఉన్నవాడి వెనక నోరు మూసుకుని పరుగెత్తేవాణ్ణి మాత్రం ఆట ఆపించి మరీ తిట్టేవారు. మొదటిరోజే ఆ తిట్లు నేను తిన్నాను.

"నోరు లేదా? నువ్వున్నవని వానికెట్ల తెలుస్తది? వాని నెత్తి ఎనక కండ్లున్నయా?"

అలా నేర్చుకున్నదే మా జట్టు పిలుపు. ఎనకున్న, ఎనకున్న, ఎనకున్న. బంతి ఉన్నవాడు విసిరేదాకా అంటూనే ఉండాలి. నేను మొదట్లో మా వైపు పద్ధతిలో "వెనకున్నానండీ" అన్నాను. ఆ "అండీ"కి రెండు జట్లూ ఆట మర్చిపోయి నవ్వాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ ఆటలో రెండు జట్లలోనూ బలమైనవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని, గట్టిగా బిగించుకుని, తలలు వంచి ఎదురెదురుగా నెట్టుకునే ఘట్టం ఒకటి వస్తుంది. అన్న ముందు వరుసలో నడిమి మనిషి. నా లావు ఒళ్ళు చూసి నన్ను తన పక్కన నిలబెట్టుకున్నారు. ఆయన చెయ్యి వచ్చి నా భుజాన్ని పట్టుకున్నప్పుడు, అంతకుముందు నా మీద ఎవరు చెయ్యి వేశారా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. ఆ బురదలో, ఆ చెమట వాసనలో నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అన్న నోరు మంచిది కాదు, అయినా ఊరంతా ఆయన వెనకే పరుగెత్తేది. ఒక వానాకాలం మ్యాచ్ నాకు బాగా గుర్తుంది. ఎదుటి జట్టు మమ్మల్ని చితక్కొడుతోంది. విరామంలో మాలో ఒకడు నేల బురదగా ఉందని, ఇంకొకడు బంతి జారుతోందని సాకులు చెబుతున్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే అన్నకి అస్సలు పడదు. ఆ రోజు మాత్రం తిట్టలేదు. కనుబొమ్మ చిట్లి రక్తం కారుతుంటే గుడ్డ కట్టించుకుంటూ నెమ్మదిగా ఒక మాటన్నారు. "ఓడితే ఓడినం. గని ఒక్కడు సుత ఒంటిగ పడొద్దు. ఎవడు పడ్డా పక్కన ఇంకొకడు ఉండాలె."

రెండో సగమంతా అదే చేశారు. మాలో ఎవడు కిందపడినా, కళ్ళు తెరిచేసరికి పైన అన్న. ఎవడు పరుగెత్తినా వెనక ఆ బొంగురు గొంతు. ఆయనలో సగం వయసున్న మాకే ఊపిరాడటం లేదు, ఆయనకి ఎక్కణ్ణుంచి వచ్చేదో తెలీదు. ఆ గొంతు వింటూ నేనూ పరుగెత్తాను. నాలో అంత పరుగు ఉందని నాకప్పటిదాకా తెలీదు. మ్యాచ్ ఓడిపోయాం. కానీ మాలో ఒక్కడు కూడా ఒంటిగా పడలేదు.

ఆ మైదానం బయట అన్న జీవితం గురించి నాకు తెలిసింది తక్కువే. సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో పని. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. అమీర్‌పేట వెనక సందుల్లో ఒక్క గది. ఆదివారం రాత్రి మెస్ ఉండదని తెలిశాక, నన్ను వెంటబెట్టుకుని దోసె బండి దగ్గరికి వెళ్ళేవారు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు, తినేవాళ్ళం.

ఏళ్ళు అలా గడిచాక ఒక రోజు ఆఫీసుకి ఫోన్ వచ్చింది. పంజాగుట్టలో డాక్టర్ దగ్గరున్నానని, వెంట ఒక మనిషి ఉండాలంటున్నారని, జర వస్తవా అని అన్న అడిగారు. పరుగున వెళ్ళాను. పేషెంట్‌కి ఏమవుతారని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. తమ్ముణ్ణని చెప్పాను. చేతులు తిమ్మిర్లెక్కుతున్న సంగతి ఆయన ఏడాదిగా ఎవరికీ చెప్పలేదట. డాక్టర్ మెడ ఎముకల బొమ్మ చూపించి, ఇంకొక్క గట్టి దెబ్బ తగిలితే కాళ్ళూ చేతులూ పడిపోతాయని, ఆట మాట మర్చిపొమ్మని చెప్పారు. మెడ వంగకుండా గట్టి పట్టీ వేశారు.

బయటికొచ్చాక నాకు కోపం ఆగలేదు. ఏడాది నుంచి చెప్పకుండా ఎలా ఉన్నారన్నా, నోరు లేదా, అని అడిగేశాను. ఆయన మాటే ఆయనకి అప్పజెప్పాను. అన్న మెట్రో మెట్ల దాకా నడిచి, ఆదివారం మ్యాచ్ ఉందిగా, వస్తా, పక్క గీత అవతల నిలబడతా అన్నారు. అదొక్కటి కూడా లేకపోతే ఆయనకి వారంలో ఏమీ మిగలదని నాకు తెలుసు. అందుకే సరేనన్నాను.

ఆ ఆదివారం వచ్చారు. మెడకి పట్టీ, ఇస్త్రీ చొక్కా. ఆ వేషంలో ఆయన మాకే కొత్తగా కనిపించారు. ఆయన స్థానంలో నడిమి మనిషిగా నన్ను నిలబెట్టారు. ఆట బిగుసుకుంది. ఇంకాసేపట్లో ముగుస్తుందనగా మేం నాలుగు పాయింట్లు వెనకున్నాం. ఒక్కసారి గీత దాటిస్తే ఐదొస్తాయి, గెలిచినట్టే. అప్పుడు బంతి ఎలా వచ్చిందో నా చేతుల్లోకి వచ్చింది.

నేను మైదానం ఎడమ అంచున పరుగు తీశాను. ఎదురుగా ఒక్కడే మిగిలాడు. వాడు నన్ను పడగొట్టేలోపు పక్కవాడికి విసిరితే చాలు. కుడి వైపు మా జట్టులో కొత్తగా చేరిన బ్యాంకు ఉద్యోగి నాతో సమంగా వస్తున్నాడు. కానీ నోరు విప్పలేదు. నాకు వినిపించింది ఎడమ వైపు నుంచి.

"ఎనకున్న! ఎనకున్న!"

ఏళ్ళ తరబడి ఏ గొంతు వింటే ఆలోచించకుండా విసిరానో అదే గొంతు. చూడనైనా చూడకుండా విసిరేశాను.

బంతి మైదానం పక్క గీత దాటి అన్న చేతుల్లో పడింది. మెడకి పట్టీతోనే, ఇస్త్రీ చొక్కాతోనే, ఆయన గీత అవతల నాతోపాటు పరుగెత్తుకొచ్చారు. రెండు చేతులా చక్కగా పట్టుకున్నారు కూడా. విజిల్ మోగింది. బంతి బయటికి పోయినట్టు లెక్క, వాళ్ళకిచ్చేశారు. ఎదుటి జట్టులో ఎవడో నవ్వాడు, మావాళ్ళు నవ్వలేదు. అన్న బంతిని కింద పెట్టబోయారు. పట్టీ వల్ల వంగలేక, కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, చివరికి రెఫరీ చేతికిచ్చారు.

మ్యాచ్ పోయింది. ఆ రోజు ఆయన ఎవర్నీ తిట్టలేదు. ఆ బ్యాంకు అబ్బాయిని కూడా ఏమీ అనలేదు. దోసె బండి దగ్గర ఇద్దరం నిలబడ్డాం. తప్పు నాదే, చూసుకోవాల్సింది అన్నాను. ఆయన పళ్ళెంలోకి చూడలేక, తడుముకుంటూ దోసె తుంచుతున్నారు.

"ఇగ నేను రాను తమ్మీ" అన్నారు. "ఆడ నిలబడి నోరు మూసుకునుడు నాతోని కాదు. నేను పిలిస్తే మీరు నా దిక్కే ఏస్తరు."

రమ్మని బతిమాలాను. నోటికి గుడ్డ కట్టేస్తామని హాస్యమాడాను. నవ్వారు గానీ మాట మార్చుకోలేదు. ఆ నవ్వు చూసి నాకు బెంగ పుట్టింది.

కొన్నాళ్ళకి చేతుల్లో పట్టు తగ్గి వర్క్‌షాపు పని మానేశారు. గది ఖాళీ చేసి సిద్దిపేట వైపు తమ్ముడింటికి వెళ్ళిపోయారు. ఆయనకి సొంత తమ్ముడొకడున్నాడని నాకు అప్పుడే తెలిసింది. డాక్టర్ దగ్గరికి వాణ్ణి కాకుండా నన్నెందుకు పిలిచారో అడగలేదు. అందరికీ ఆఫీసులున్న రోజు కావడంతో బస్సెక్కించడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. ఎన్ని జట్లకి ఆట నేర్పారో, వాళ్ళంతా ఎప్పుడో పెట్టెలు సర్దుకుని వెళ్ళినవాళ్ళే.

జట్టు ఇంకా ఆడుతోంది. బ్యాంకు అబ్బాయి ఇప్పుడు అందరికన్నా గట్టిగా అరుస్తాడు. నా నోటి నుంచి కూడా ఆ మాట ఆయన యాసలోనే వస్తోంది. కొత్తవాళ్ళు నన్ను తెలంగాణవాణ్ణే అనుకుంటారు. అయినా బంతి చేతికొచ్చిన ప్రతిసారీ, ఎడమ వైపు ఏ చప్పుడూ లేదని ముందు నా వీపుకే తెలుస్తుంది.

ఆదివారం సాయంత్రం, మెస్ లేని ఆ వేళకి, అన్నకి ఫోన్ చేస్తాను. ఎవడు పరుగెత్తాడో, ఎవడు నోరు మూసుకున్నాడో అంతా చెబుతాను. ఆయన మధ్యలో మాట్లాడరు. అరవడానికే తప్ప మాట్లాడ్డానికి ఆ నోరు ఎప్పుడూ అలవాటు పడలేదు. చెబుతూ చెబుతూ ఒక్కోసారి నాకు భయమేస్తుంది, లైన్ తెగిందేమోనని. అన్నా, ఉన్నారా అంటాను.

"ఎనకనే ఉన్న తమ్మీ. చెప్పు."

మళ్ళీ మొదలుపెడతాను. నిజానికి ఆట సంగతులు అప్పటికే అయిపోయి ఉంటాయి. ఇంకేదో వెతుక్కుని చెబుతూ ఉంటాను.