చిలకమ్మ పేరు తెగిన చోటు

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

పాడేరులో ఒక ఆఫీసులో నేను కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్ని. పోడు భూముల పట్టాలు భార్యాభర్తలిద్దరి పేరు మీదా రావాలి. ఒక్కొక్కటీ టైపు చేసే ఓపిక లేక ఒక బ్యాచ్ ఫైలు, అంటే కంప్యూటర్‌కి ఆజ్ఞల వరస, రాశాను. పేర్లు అందిస్తే చాలు, పట్టాలు వరసగా ప్రింటవుతాయి. జాబితాలో మొగుడి పేరుకీ పెళ్లాం పేరుకీ మధ్య & గుర్తు ఉండేది. ఆ గుర్తు కనబడగానే కంప్యూటర్ ఒక ఆజ్ఞ అక్కడితో అయిపోయిందనుకుంటుంది. దాని తర్వాత ఉన్నది వేరే ఆజ్ఞ అనుకుంటుంది. అందుకే పట్టాలు భర్త పేరుతోనే వచ్చాయి. భార్య పేరు దగ్గర, ఇలాంటి ఆజ్ఞేదీ తనకు తెలియదని నల్ల తెర మీద ఇంగ్లీషులో ఒక లైను పడింది. ప్రతి భార్యకీ ఒక లైను. రెండు పేర్లనీ కలిపి కోట్స్‌లో, అంటే కొటేషన్ గుర్తుల మధ్య, పెట్టి ఉంటే సరిపోయేది.

ఆ లైన్లు నేను చూడలేదా? చూశాను. పట్టాలు వస్తున్నాయి కదా అని ఊరుకున్నాను. సంతకాలయ్యాయి, పంపకం అయింది, ఒక్క పూటలో పని ముగించానని పెద్దసారు అందరి ముందూ నా భుజం తట్టాడు.

ఆ శుక్రవారం సంతకొచ్చిన చిలకమ్మ అనే ఆమె పట్టా పట్టుకుని నా టేబుల్ దగ్గర నిలబడింది.

"కాయితంలో మా ఆయన పేరే ఉందంటన్నారు బాబూ. నా పేరు ఏటైపోనాది?"

"కంప్యూటర్లో ఉందమ్మా. కాగితం మీద ఇంటి పెద్ద పేరే వస్తుంది."

"ఉంటే సాలు బాబూ."

సంచిలోంచి నాలుగు సీతాఫలాలు తీసి నా ముందు పెట్టి వెళ్లింది. సిగ్గులేకుండా అవి తిన్నాను.

మర్నాడే కోట్స్ పెట్టి ఫైలు సరిచేశాను. అప్పటికే కొండల్లోకి వెళ్లిపోయిన పట్టాల సంగతి మాత్రం ఎత్తలేదు. ఉద్యోగం పోతుందన్న భయమా? అది సగమే. తట్టించుకున్న భుజం మీద మమకారం మిగతా సగం.

రెండేళ్లకు ఆమె మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్నాడు. పట్టాలో నీ పేరెక్కడుందని చిలకమ్మను వెళ్లగొట్టాడు. కాఫీ పళ్లు కోసే రోజుల్లో జీపులో వెళుతూ ఆమెను చూశాను. ఆ పట్టా భూమిలో తన చేతులతో నాటిన కాఫీ తోటను పక్కనే పెట్టుకుని, వేరేవాళ్ల తోటలో కూలికి కోస్తోంది. జీపు ఆపమనలేదు.

నేను ఆమెకు చెప్పింది పూర్తి అబద్ధం కూడా కాదు. పాత జాబితాలో ఆమె పేరు ఇప్పటికీ ఉంది. దాన్ని బయటపెడితే, తప్పు నాదేనని సారుకు చెబితే, ఆ పట్టా దిద్దించవచ్చు. చెబుతానా? మీకు మాటివ్వలేను. అప్పుడప్పుడు ఆ ఫైలు తెరుస్తాను, పేరు చూస్తాను, మూసేస్తాను.

మీతో చెప్పుకున్నాక గొంతులో ముల్లు కాస్త కదిలింది. చిలకమ్మ మాత్రం ఈ ఏడూ కూలికే వెళుతోంది.