వంటచెరకు రాసిన చేతితో

సోమనర్సయ్య ఇక లేడన్న వార్త నాకు జనగామ రిలే నిరాహార దీక్షా శిబిరంలో తెలిసింది. మన తెలంగాణ మాటను సినిమాల్లో వెక్కిరించిన వాళ్ళ మీద అప్పుడే ఉపన్యాసం ముగించి కూర్చున్నాను. చప్పట్లు ఇంకా ఆగలేదు. "సారు, సోమన్న పొద్దుగాల ఛాతిల నొస్తున్నదని కూసున్నడు. మల్ల లేవలే" అని అటవీ చెక్‌పోస్టు వాచరు ఫోనులో చెప్పాడు. యాభై నిండని మనిషి. నిర్వాహకులు ఇంకో నాలుగు మాటలు మాట్లాడమంటే వినిపించనట్టు లేచి వచ్చేశాను.

బచ్చన్నపేట మెట్ట రైతు కుటుంబంలో పుట్టిన సోమన్న, భూపాలపల్లి అడవుల్లో ఒక అభయారణ్యం ముఖద్వారం దగ్గర బీటు అధికారిగా చాలా ఏళ్ళు పనిచేశాడు. నేను ఆ పక్క ఊరి బడిలో తెలుగు పండితుణ్ణి. లింగాల ఘనపూర్‌కు బదిలీ అయ్యేదాకా నా సాయంకాలాలు ఆయన చెక్‌పోస్టు బల్ల మీదే గడిచాయి. అడవి మీద అంత మమకారం ఎట్లా కలిగిందని ఒకసారి అడిగాను. "మా దిక్కు ఎండకాలం గొర్లు నీడ కోసం ఒకదాని కడుపు కింద ఇంకోటి తలకాయ పెట్టుకుంటయ్ సారు. గది చూసి పెరిగిన. చెట్టు ఇలువ నాకు ఎరుకనే" అన్నాడు.

ఆ ముఖద్వారానికి నియమావళి బోర్డు కావాలని రేంజరు అడిగితే, పాఠం నేనే కూర్చాను. ఎంత గర్వపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. "వంటచెరకు సేకరణ, పశువుల మేపు, మద్యపానం, వన్యప్రాణులకు ఆహారమిడుట, సూర్యాస్తమయానంతర సంచారం నిషిద్ధం." ఒక్క వాక్యం, అనవసరమైన అక్షరం లేదు. ఎండి రాలిన కట్టెలు నెత్తిమోపు వరకు ఏరుకునే హక్కు పక్క తండాకు పాత కాగితాల్లో ఉంది. వాక్యం కుంటుపడుతుందని నేను దాన్ని వదిలేశాను.

నెల తిరగకముందే తండా నుంచి ద్వాలి అనే ఆమె ఎండుకట్టెల మోపుతో పట్టుబడింది. తనిఖీకి వచ్చిన బృందం ఆమె గొడ్డలి గుంజుకుని పొద్దంతా ఎండలో నిలబెట్టింది. బోర్డు చూడలేదా అని గద్దిస్తే ఆమె ఇట్లా అందట: "నాకు సదువు రాదు. సదివిన పోరడు అడవిల చెరుకు ముట్టొద్దని రాసిన్రన్నడు. గీ అడవిల చెరుకు యాడున్నది బాంచెన్ అని మేమందరం నవ్వుకున్నం." కట్టెను వంటచెరకు అంటారని తండాలో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే మా అమ్మకూ తెలియదు. ఆమె పొయ్యిలోకి కట్టెలే పెట్టింది.

ద్వాలిని విడిపించినవాడు సోమన్నే. పాత కాగితం తీసి చూపించి, "రాసినోళ్ళది తప్పయితే ఏరినామె ఎట్ల దొంగైతది?" అని పై అధికారుల ముఖానే అడిగాడు. ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నిష్ఠూరం లేదు. "మీ వంటచెరకు ద్వాలిని పట్టిచ్చింది సారు" అన్నాడు, చాయ్ ఊదుకుంటూ. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు మద్దిచెక్క ఒకటి చిత్రిక పట్టి, సొంత చేత్తో కొత్త బోర్డు రాశాడు. అది నాకు కంఠతా వచ్చు. "పచ్చి చెట్టు ముట్టొద్దు. ఎండి రాలిన పొయ్యిల కట్టె నెత్తిమోపంత ఏరుకోవచ్చు. మ్యాకలను తోలుకరావొద్దు. తాగి రావొద్దు. జంతువులకు బుక్క పెట్టొద్దు, వాటి తిండి వాటికెరుక. పొద్దుగూకక ముందే బయట పడాలె." చదువు రానివాళ్ళకు ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, మరిచిపోయేవాళ్ళు కారు. తండావాళ్ళు పచ్చి కొమ్మ విరవడం మానేశారు.

ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో రాస్తారోకోకు చెట్లు కొట్టి రోడ్డుకు అడ్డం వేద్దామని కొందరు యువకులు గొడ్డళ్ళతో వచ్చారు. సోమన్న అడ్డం నిలబడ్డాడు. "తెలంగాణ వచ్చినంక గీ చెట్టు ఎవలిది తమ్మీ? మనదే గద. మనదాన్ని మనమే నరుక్కుందుమా?" అని అడిగి, గాలికి పడి ఎండిన మొద్దును తానే వాళ్ళతో కలిసి రోడ్డు మీదికి దొర్లించాడు. అయినా ఒకడు పోతూ పోతూ ద్రోహి అన్నాడు. ఆ మాట ఆయన్ను లోపల తినేసింది. దీక్షల్లో మాతో కూర్చున్న మనిషి మళ్ళీ శిబిరం దిక్కు రాలేదు.

ఆ తర్వాత తనిఖీకి వచ్చిన ఒక పెద్ద అధికారి బోర్డు చూసి పగలబడి నవ్వాడట. "ఇది ప్రభుత్వ బోర్డా, సంతలో అరుపా? తెలుగు రాదా మీకు?" అని దాన్ని పీకించి, రేకు మీద నా పాత వాక్యాన్నే రాయించాడు. సోమన్న నాకు ఫోను చేశాడు. "సారు, మీరు పండితులు. గిది గూడ తెలుగేనని ఒక్క ముక్క రాసియ్యుండ్రి. పెద్దసారుకు చూపెడుత." రాస్తానన్నాను. పరీక్ష పేపర్లు, శిబిరం, ఉపన్యాసాలు అడ్డమొచ్చాయి. మహబూబాబాద్‌లో నేను సభకు పోయినప్పుడు బయట కలిసి మళ్ళీ గుర్తుచేశాడు. ఈ వారంలో అన్నాను. నిజానికి, ఒక పండితుడు అట్లాంటి తెలుగుకు సంతకం పెడితే నలుగురూ ఏమనుకుంటారోనని లోపల జంకాను. వేదిక మీద లేని భయం కాగితం ముందు ఉండింది.

బంద్ మూలాన పార్థివ దేహాన్ని బచ్చన్నపేటకు తరలించే వీలు లేక, అడవి సరిహద్దు బయట వాగు ఒడ్డునే చితి పేర్చారు. నేను స్కూటర్ మీద చేరేసరికి తండాకు తండా కట్టెమోపులతో వచ్చి ఉంది. ద్వాలి చేతిలో మాత్రం మోపు లేదు, ఆ మద్దిచెక్క ఉంది. చెక్‌పోస్టు వెనక పారేసిన దాన్ని తెచ్చింది. దాచిపెడదాం, కాల్చవద్దు అన్నాను. "ఎండిన కట్టెనే గద సారు. ఏరుకోవచ్చని అన్ననే రాసిండు" అంది. అక్షరాలు పైకి కనబడేటట్టు ఆయన గుండెల మీద పెట్టింది. నేను చూస్తుండగానే పొద్దుగూకక ముందే అంతా అయిపోయింది.

ఇప్పుడు ఆ ముఖద్వారం దగ్గర నా వంటచెరకు ఒక్కటే మిగిలింది. రాష్ట్రం వస్తుందో రాదో తెలియదు. వచ్చినా, కట్టెను కట్టె అని రాసి గేటు ముందు నిలబడే సోమన్న మళ్ళీ రాడు. ఆయన అడిగిన ఆ ఒక్క ముక్క ఈ రోజు రాస్తున్నాను. సోమన్నా, నువ్వు రాసింది తెలుగే. కింద నా సంతకం కూడా పెడుతున్నాను. ఎవరికి చూపించాలో తెలియడం లేదు.