కుక్కపిల్లకి చెప్పిన జాగ్రత్తలు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది. చిన్నప్పట్నుంచీ మందిరానికి వెళ్ళే కుటుంబం మాది. అలాంటివి నమ్మకూడదని సండేస్కూల్లో చెప్పించుకున్నదాన్ని, పెద్దయ్యాక అదే సండేస్కూల్లో పిల్లలకి చెప్పినదాన్ని. అయినా ఆ జూలైలో, పట్టపగలు, మా ఇంట్లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ వెన్నులో చలి పుడుతుంది.

అంతా కుక్కపిల్లతో మొదలైంది. మా ఆయన ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల మీద పని చూస్తారు. వారమంతా చెరువు గట్టు మీద షెడ్డులోనే మకాం, శనివారం ఏలూరు వస్తారు. మే నెలలో ఒక శనివారం తువ్వాల్లో చుట్టి నలభై రోజుల పిల్లని తెచ్చారు. దాని తల్లి చేపల లారీ కింద పడి చచ్చిపోయిందట. "పగలంతా ఇంట్లో ఎవరుంటారని తెచ్చారండీ?" అని దులిపేశాను. నేను భీమడోలులో హైస్కూలు టీచర్ని. పొద్దున్న ఏడున్నరకి ఇల్లు వదిలి రైలెక్కితే సాయంత్రం అయిదున్నరకి గాని తిరిగి రాను. ఆయన తల గోక్కుని, "సెలవులే కదా, ఈలోగా అలవాటు చెయ్యి" అన్నారు. తెచ్చేవాళ్ళు తెస్తారు, చాకిరీ చేసేవాళ్ళు చేస్తారు.

నా కోపానికి అసలు కారణం వేరు. నా పదో ఏట మా ఇంట్లో ఒక కుక్కపిల్ల ఉండేది. ఒకరోజు అందరం పెళ్ళికి వెళ్తూ, పారిపోతుందని దాన్ని అరుగు మీద కిటికీ ఊచకి తాడుతో కట్టాం. అది అరుగు మీంచి దూకింది. తాడు నేలదాకా రాలేదు. సాయంత్రం మొదట చూసింది నేనే. అందుకే దీన్ని చూడగానే ఒకటే అనుకున్నాను: నేను ఇంట్లో లేనప్పుడు ఇది చావకూడదు.

మేము అద్దెకుండేది తంగెళ్ళమూడి వైపు, మూడు వాటాల రేకుల ఇంట్లో. ఒక చివర మేము, మధ్యది ఇంకో అద్దెవాళ్ళది, ఆ చివరిదాంట్లో ఇంటివాళ్ళ పాత సామాను. ఇంటివాళ్ళు ముందువైపు డాబాలో ఉంటారు. మూడు వాటాలకీ పైకప్పు ఒకటే. మధ్య గోడలు కప్పు దాకా వెళ్ళవు, రెండడుగులు కిందే ఆగిపోతాయి. ఒక వాటాలో తాలింపు వేస్తే మిగతా రెండు వాటాలూ తుమ్మాల్సిందే.

సెలవులన్నీ పిల్ల చదువుకే సరిపోయాయి. మొదట అయిదు నిమిషాలు బయట నిలబడి లోపలికి వచ్చేదాన్ని. తర్వాత పావుగంట, తర్వాత మార్కెట్‌కి వెళ్ళొచ్చేంత సేపు. ముందుగదిలో సగానికి చెక్క అడ్డం పెట్టాను. ఫ్యాను వైర్లు, ఛార్జర్లు బీరువా మీదకి చేర్చాను. చెప్పులు, ఫినాయిలు అటక ఎక్కాయి. తలుపు కింద సందులోంచి పాములు రాకుండా ఇటుకలు పేర్చాను. వానలు పడితే మా వైపు పాములు మనుషులకంటే ముందు ఇళ్ళలోకి వస్తాయి. తన్నినా ఒరగని రాతి గిన్నెలో నీళ్ళు పోశాను. మెడకి తాడు మాత్రం కట్టలేదు. మధ్యాహ్నం ఇంటావిడ తాళం తీసి, పెరుగన్నం పెట్టి, పది నిమిషాలు వాకిట్లో తిప్పి మళ్ళీ లోపల వదిలేలా ఒప్పించాను. ఆవిడకి చెవులు సరిగా వినపడవు గానీ మనసు మంచిదే. మా ఆయన ఇవన్నీ చూసి, "నన్ను కూడా ఇంత బాగా చూసుకుంటే చెరువు మానేసి ఇంట్లోనే ఉండేవాణ్ణి" అన్నారు.

అయినా స్కూళ్ళు తెరిచిన మొదటి వారం అది ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. రేడియో పెడితే పాటలకి ఊళపెట్టింది. చివరికి తెలిసిందేమిటంటే దానికి కావాల్సింది నా గొంతు. తాడేపల్లిగూడెంలో మా చెల్లి ఇంటికి వెళ్ళినప్పుడు చిన్న స్పీకరు కొన్నాను. ఒక ఆదివారం కూర్చుని పాత ఫోన్లో రికార్డు చేశాను. గూడబాతు కొల్లేటి చేపలన్నిటినీ మూతి సంచీలో దాచుకుని ఒడ్డుకి ఎక్కలేకపోయిన కథ, మా అమ్మమ్మ చెప్పింది, అరగంట సాగదీశాను. మధ్య మధ్య జాగ్రత్తలు: "వైరు ముట్టుకోకు. తలుపు దగ్గరకి వెళ్ళకు. నీళ్ళు తాగావా? తాగు. ఇప్పుడు పడుకో. నేను సాయంత్రం వచ్చేస్తాను." తర్వాత గంటన్నర ఏమీ ఉండదు, మళ్ళీ మొదలు. పగలు కథలు చెప్తే దారిన పోయేవాళ్ళు దారి తప్పుతారని అమ్మమ్మ అనేది. రికార్డు చేస్తుంటే అది గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మా ఆయన చెరువు మీద చేపల దొంగల కోసం పెట్టే సిమ్ కెమెరా ఒకటి తెచ్చి బీరువా మీద బిగించారు. స్టాఫ్ రూములో కూర్చుని ఫోన్లో పిల్లని చూసుకోవచ్చు, చప్పుళ్ళు వినొచ్చు, ఇక్కణ్ణుంచి మాట్లాడితే అక్కడ వినపడుతుంది కూడా. నా గొంతు మొదలవగానే అది స్పీకరు పక్కన ముడుచుకుని పడుకునేది. అమ్మయ్య అనుకున్నాను.

జూలై రెండో వారంలో, మధ్యాహ్నం విరామంలో ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. కథ నడుస్తోంది. "అప్పుడు గూడబాతు ఏం చేసిందీ..." అని నేను ఆగిన చోట, "ఊఁ" అని వినిపించింది.

కుక్కపిల్ల మూలిగిందనుకున్నాను. ఇంకో రెండు వాక్యాల తర్వాత మళ్ళీ "ఊఁ". కథ వినేవాళ్ళు కొట్టే ఊఁ. ఎక్కడ కొట్టాలో అక్కడే కొడుతున్నారు. తెరమీద చూస్తే పిల్ల లేచి కూర్చుని, మధ్య గోడ పైకి, కప్పుకీ గోడకీ మధ్య చీకటి సందులోకి చూస్తూ తోక ఊపుతోంది. తెలిసినవాళ్ళని చూసినప్పుడు ఊపినట్టే ఊపుతోంది. నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

మధ్య వాటాలో ఎవరూ లేరు. ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు. జూన్ చివర్లో ఒకామె ఒక్కతే ఆ వాటాలో దిగింది. రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. తెల్లవారుజామున నాలుగింటికి వ్యాను వచ్చి తీసుకెళ్తుంది, సాయంత్రం ఆరు దాటాక దింపుతుంది. నేను లేచి తలుపు తీసేసరికే ఆమె గడియకి పెద్ద తాళం వేలాడుతూ ఉండేది. సాయంత్రాలు గోడ అవతల ఆమె ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడుతుంటే ఫోననుకునేదాన్ని. మా కుక్కపిల్ల అల్లరిలో, రేకుల మీద వాన హోరులో అదీ సరిగా వినపడేది కాదు.

ఆ సాయంత్రం ఇల్లు తుడుస్తుంటే స్పీకరు దగ్గర మూడు మరమరాలు కనిపించాయి. మా ఇంట్లో మరమరాలు లేవు. ఇంటావిణ్ణి అడిగితే తను వెయ్యలేదంది. పైగా, గొంతు తగ్గించి చెప్పాననుకుంటూ వీధంతా వినపడేలా, "మధ్య వాటాలో ఇదివరకు ఒక ముసలమ్మ ఉండేదమ్మా. అక్కడున్న మంచం మీదే పోయింది. సాయంత్రమైతే మరమరాలు తినేది పాపం" అంది. వాటా అద్దెకిచ్చేటప్పుడు ఈ సంగతి ఎవరికీ చెప్పదావిడ.

మా ఆయనకి ఫోన్ చేస్తే నవ్వారు. "దెయ్యానిక్కూడా నీ కథ నచ్చిందంటే గొప్పే. నేను రెండో నిమిషంలోనే నిద్రపోయాను" అన్నారు. ఆదివారం మందిరంలో ప్రార్థన చేయించుకున్నాను, దేనికో మాత్రం చెప్పలేదు. సోమవారం మళ్ళీ ఊఁ. మంగళవారం మరమరాలు ఆరు. పిల్లని చూస్తేనే నాకు దడ. అది ఇప్పుడు నా స్పీకరు దగ్గర పడుకోవడం మానేసి గోడకి ఆనుకుని పడుకుంటోంది. ఏదో దాన్ని మచ్చిక చేసుకుంటోంది. నేను పేర్చిన ఇటుకలు పాముల్ని ఆపుతాయేమో గానీ దీన్ని ఏవి ఆపుతాయి?

గురువారం నా ఓపిక అయిపోయింది. స్టాఫ్ రూములో ఎవరూ లేని పీరియడ్ చూసి, ఊఁ వినగానే ఫోన్లో మాట్లాడే బొత్తాం నొక్కాను. "ఎవరది?" అన్నాను. నా గొంతు మా ఇంట్లో వినిపించడం నాకే వినిపించింది. పిల్ల చెవులు నిక్కించింది. "ఎవరక్కడ? చెప్పు!" అని ఎనిమిదో తరగతిని గదమాయించినట్టు గదమాయించాను. రేకుల మీద వాన చప్పుడు. తర్వాత పైనుంచి, చాలా నెమ్మదిగా, ఒక సన్నటి గొంతు వచ్చింది.

"నీళ్ళు తాగేశాను."

ఎలా పర్మిషన్ పెట్టానో, ఏ బస్సెక్కానో గుర్తులేదు. ఇంటికొచ్చేసరికి పిల్ల గోడవారన హాయిగా నిద్రపోతోంది. మధ్య వాటాకి తాళం అలాగే ఉంది. ఆ తాళం ముందు నేను నిలబడ్డాను, అది నిజం. తలుపు తట్టలేదు. తాళం వేసిన తలుపుని ఎవరైనా తడతారా? స్పీకరు కట్టేసి, పిల్లని బుట్టలో పెట్టుకుని, ఆ సాయంత్రమే చెరువు షెడ్డుకి చేర్చి వచ్చాను. ఇంట్లో దీపాలన్నీ వేసుకుని పడుకున్నాను. మర్నాటి నుంచీ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. బతికిపోయాం అనుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం తలుపు చప్పుడైంది. రొయ్యల షెడ్డు ఆమె. ఆమెని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. పాతికేళ్ళు ఉంటాయేమో. ఐసు నీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, తోలు ఊడుతున్నాయి.

"ఏవండీ మేడం గారూ, ఏమీ అనుకోకండి. కుక్కపిల్ల ఏదండీ?"

"ఊళ్ళో లేదమ్మా. ఏం?"

"మీ కథ రావట్లేదండీ, నాలుగు రోజుల్నించీ." ఆమె వెనక్కి, తన తలుపు వైపు చూసింది. "మా పాపండీ. నాలుగేళ్ళు. ఇంటావిడ గారు పిల్లలున్నోళ్ళకి వాటా ఇయ్యనన్నారని చెప్పలేదండీ. నాలుగింటికి వ్యానొచ్చేస్తది, అప్పుడెవరికి అప్పగించనండీ? మాటాడకుండా పడుకోమని తాళమేసి పోతున్నానండీ. ఎవరైనా వస్తే నోరు మూసుకోమన్నాను. మొదట్లో భయపడేదండీ. తర్వాత మీ గొంతు మొదలయింది. ఓ రోజు షెడ్డులో పని లేక ఇంట్లో ఉండి నేనూ విన్నానండీ. వైరు ముట్టుకోకంటే ముట్టుకోదండీ. పడుకోమంటే పడుకుంటది. మంచమెక్కి గోడ మీంచి మీ కుక్కపిల్లకి మరమరాలేస్తది. ఇంక నాకు ధైర్యం వచ్చేసిందండీ."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ నాలుగు రోజులూ పగటికని పెట్టిన నీళ్ళు పెట్టినట్టే ఉంటున్నాయండీ. ఎందుకు తాగలేదే అంటే, తాగమని చెప్పలేదుగా అంటదండీ. ఇయ్యాల ఒళ్ళు కాలిపోతంది. కళ్ళు తేలేస్తంది."

ఆ తర్వాత డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాం, ఇంటావిడతో నేను పెద్ద తగవే పడ్డాను, వారం సెలవు పెట్టాను, అంగన్‌వాడీలో చేర్పించాం, తెల్లవారుజామున పాప మా ఇంటికి రావడం మొదలైంది. ఇవన్నీ జరిగాయి. మా ఆయన కుక్కపిల్లని తిరిగి తెచ్చారు. కానీ ఆ సాయంత్రం, ఆటో కోసం ఆమె వీధి చివరికి పరుగెత్తబోయే ముందు జరిగినదొకటి ఉంది.

నేను మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళాను. ముసలమ్మ మంచం మీద పాప పడుకుని ఉంది, పెదాలు ఎండి చీలిపోయాయి. గ్లాసు తీసుకుని పక్కన కూర్చుని, "నీళ్ళు తాగమ్మా" అన్నాను. పాప కళ్ళు తెరిచి నా నోటి వైపు చూసింది. ఆ గొంతు తనకి తెలుసు. అది ఈ మనిషి నోట్లోంచి వస్తోంది. కీచుమని అరిచి గోడలోకి దూరిపోయేంతగా వెనక్కి జరిగింది. ఏడుపు అందుకుంది. వాళ్ళమ్మ పట్టుకున్నా ఆగలేదు. నా వైపు చూడకుండా అరచేతులతో మొహం కప్పేసుకుంది. ఇన్ని రోజులూ నేను భయపడ్డ భయమంతా ఆ నాలుగేళ్ళ మొహంలో కనిపించింది. దానికి కారణం నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

గ్లాసు వాళ్ళమ్మ చేతికిచ్చి బయటికొచ్చాను. మా వాటాలోకి వెళ్ళి, తలుపు వేసి, స్టూలు మీద ఎక్కి, కప్పు కింద సందుకి మొహం పెట్టి, రికార్డులో చెప్పినట్టే చెప్పాను.

"నీళ్ళు తాగావా? తాగు."

అవతల ఏడుపు ఆగింది. కాసేపటికి స్టీలు గ్లాసు పళ్ళకి తగిలిన చప్పుడు, తర్వాత గుటకలు వినిపించాయి. "తాగుతోందండీ" అంది వాళ్ళమ్మ. "ఆపకండి, చెప్పండి."