గంజి పెట్టిన మోకాలు

ఇప్పుడంటే ఆటో పూర్తిగా ఆగాకే కాలు కింద పెడుతున్నాను గానీ, ఆ రోజుల్లో నాకంత ఓపికెక్కడిది! పాలమూరులో చీరల దుకాణంలో కొత్త కొలువు, కాళ్లకు ఎత్తుమడమల కొత్త చెప్పులు (రెండింటికీ వారం వయసే). షేర్ ఆటో ఆగకముందే స్టైలుగా దూకాను. చెప్పు ఒకవైపు తిరిగింది, మోకాలు ఇంకోవైపు తిరిగింది.

దవాఖానలో డాక్టరు స్కానింగ్ చూసి, "ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు, దారమనుకో బిడ్డా, సగం తెగింది. ఇప్పుడైతే ఆపరేషన్ వద్దు. గీ పట్టీ కట్టుకో. దినాం కాలు చాపి పైకి లేపి, పది లెక్కబెట్టి దించు. ఆరు వారాలకు మోకాలు నిలవకపోతే అప్పుడు ఆపరేషన్ సంగతి చూద్దాం" అన్నాడు. దుకాణం సేటు కూడా ఆరు వారాలే ఆగుతానన్నాడు. అంటే మోకాలు నిలిస్తేనే కొలువు నిలిచేది!

అయినా కసరత్తు చేశానా? లేదు (ఫోను చూడ్డానికే టైం చాలేది కాదు). తోడొచ్చిన మా అవ్వకు మాత్రం డాక్టరు మాటల్లో 'దారం' ఒక్కటే చెవికెక్కింది. నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి మరి! ఇంటికి రాగానే పట్టీ విప్పించి, మోకాలికి చిక్కటి గంజి పూసింది.

"అవ్వా, గిదేంది?"

"గంజి పెట్టని పోగు మగ్గం మీద నిలుస్తదానే? నోర్మూసుకొని ఎండల కూసో."

రోజూ ఇదే వైద్యం. వాకిట్లో కాలు చాపి కూర్చుంటే, గంజిలోని మెతుకుల కోసం మా నల్లకోడి వచ్చి టకటకా పొడిచేది. హుష్ అంటే వినేది కాదు. కాలు పైకి లేపాలి, అది మెడ వంచి చూసి చూసి ఆశ వదులుకునేదాకా అలాగే పట్టుకోవాలి. దించానో, మళ్లీ హాజరు! పూటకు ముప్పైసార్లైనా లేపి ఉంటాను.

ఆరు వారాలకు డాక్టరు నన్ను ఒంటికాలి మీద నిలబెట్టాడు. గుండె వణికింది గానీ మోకాలు వణకలేదు.

"శభాష్! ఆపరేషన్ అక్కర్లేదు. కసరత్తు దినాం ఎన్నిసార్లు చేసినవ్?"

"కోడి వచ్చినప్పుడల్లా సార్" అన్నాను.

ఆయన తెల్లబోయేలోపే అవ్వ అందుకుంది. "అంతా గంజి బలం సారూ! మైసమ్మకు మొక్కిన, రేపే నల్లకోడిని కోస్త."

"వద్దవ్వా! నాతోని కసరత్తు చేపిచ్చిందే అది!"

సంగతంతా విని డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "గంజి తాపియ్యి అవ్వా, పుయ్యకు. కోడిని మాత్రం కొయ్యకు."

మోకాలితో పాటు కొలువూ నిలిచింది. మైసమ్మ కొబ్బరికాయతో సర్దుకుంది. కోడి ముసలిదయ్యేదాకా బతికింది. ఇప్పటికీ వానాకాలం మోకాలు కాస్త గుంజితే, కాలు చాపి పైకి లేపి పది లెక్కబెడతాను. ఎనిమిది, తొమ్మిది దగ్గర చూపు వాకిట్లోకి పోతుంది, మెడ వంచి ఎవరైనా చూస్తున్నారేమోనని.