ఒక్క మాటలో మూడు తప్పులు

ప్రెస్సులో అందరూ ఆయన్ని దీర్ఘంగారు అంటారు. ఎవరి రాతలో దీర్ఘం తగ్గినా ప్రాణం విలవిల్లాడిపోయే మనిషి కనక ఆ పేరు పెట్టారు. ఇరవై ఆరేళ్ళుగా స్కూలు పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నాడు. పొద్దున్నే పాలప్యాకెట్టు మీది అక్షరాలు చదివి నిట్టూర్చందే టీ ముట్టడు. అలాంటివాడికి ఓ రోజు ‘నిద్ర’ అనే మాట తప్పుగా కనిపించింది.

ఏడో తరగతి సైన్సు పుస్తకంలో ఉందది. ‘మనిషికి నిద్ర అవసరం’ అని వాక్యం. ద కింద ర వత్తు ఉండాలా, ర కింద ద వత్తు ఉండాలా? పావుగంట అలాగే చూశాక అసలది తెలుగు మాటే కాదనిపించింది. పక్కవాళ్ళని అడుగుదామంటే పక్క కుర్చీలు రెండూ ఖాళీ. ఆర్నెల్ల కిందటిదాకా ఆ గదిలో ముగ్గురు ప్రూఫ్‌రీడర్లు ఉండేవాళ్ళు. యజమానికి ఉన్నట్టుండి పొదుపు మీద ప్రేమ పుట్టి ఇద్దరిని ఇంటికి పంపేశాడు. వాళ్ళు చదవాల్సిన కట్టలన్నీ దీర్ఘంగారి బల్ల మీద వచ్చి పడ్డాయి. “మీరుండగా నాకేం భయమండీ” అని యజమాని భుజం తట్టాడు. ఆ ఒక్క తట్టుకే పొంగిపోయి ఈ మహానుభావుడు ముగ్గురి పనీ నెత్తినేసుకున్నాడు. కనీసం కుర్చీకి కొత్త దిండు కూడా అడగలేదు.

అప్పట్నుంచీ కంటి మీద కునుకు లేదు. కళ్ళు మూస్తే చాలు, గుడులూ కొమ్ములూ సున్నాలూ బారులు తీరి నడిచేవి. పొద్దున లేస్తే తల దిమ్ము. పలకరిస్తే చిరాకు. మామూలు మనిషైతే పనెక్కువైందిరా దేవుడా అనుకుని ఊరుకుంటాడు. దీర్ఘంగారు మామూలు మనిషి కాదు గదా, తనకి మతి పోతోందని తేల్చుకున్నాడు.

తేల్చుకోవడంలో ఆయనకి సాయపడ్డవాడు బావమరిది. ఈ బావమరిదికి తెలియని విషయం లేదు, చేసే పని మాత్రం ఏమీ లేదు. సెల్‌ఫోనులో ఏదో తెరిచి, మంచం పక్కన కూర్చుని, మతిభ్రమణ లక్షణాలు పది చదివాడు.

“నిద్ర పట్టకపోవడం ఉందా బావా?”

“ఉంది.”

“తెలిసిన వస్తువులు కొత్తగా కనపడటం?”

“నిద్ర అన్న మాటే కొత్తగా కనపడింది రా.”

అలా తొమ్మిదింటికి తల ఊపించాడు. పదోది ‘తనకి జబ్బుందని రోగి ఒప్పుకోడు’ అని ఉంది. “నేను ఒప్పుకుంటున్నానుగా” అన్నాడు దీర్ఘంగారు ఆశగా. “అదే ముదిరిందనడానికి గుర్తు” అన్నాడు ఆ మేధావి.

“నీ నోరు పడిపోనూ! ఆయనకి కావాల్సింది నిద్రరా, నీ లిస్టు కాదు” అని అక్కగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి తమ్ముణ్ణి లేవగొట్టింది. అయినా అనుమానపు విత్తనం పడిపోయింది.

దీర్ఘంగారి భయం తన గురించి మాత్రమే అయితే ఇంత కథే లేదు. ఆయన దిద్దిన పుస్తకం లక్షలమంది పిల్లల చేతికి వెళుతుంది. మతి చెడ్డవాడు తప్పుని ఒప్పనుకుని వదిలేస్తే అంతమందీ ఆ తప్పే నేర్చుకుంటారు. జబ్బే అయితే ఆ కుర్చీలో కూర్చునే హక్కు తనకి లేదు. కుర్చీ పోతే ఆయన దగ్గర మిగిలేది ఏమీ లేదు, ఇంకో పని చేతకాదు. అందుకని నిజమేమిటో తేల్చుకోడానికి మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ ముప్పావుగంట ఓపిగ్గా అడిగింది, విన్నది, తర్వాత వివరంగా చెప్పింది. ఏం లాభం? ఆవిడ వెనక గోడ మీద ఓ పోస్టరు ఉంది. ‘వత్తిడిని జయించండి’ అని. అది ‘ఒత్తిడి’ కావాలా, ‘వత్తిడి’ అన్నా చెల్లుతుందా అని మన ఘనుడు లోపల తర్జనభర్జన పడుతున్నాడు. డాక్టరు చెప్పిందాంట్లో ఒక్క ముక్క చెవికెక్కలేదు. అన్నిటికీ తల మాత్రం ఊపాడు.

రోగి చదువుకోవాలని ఆవిడ కాగితం తెలుగులోనే రాస్తుంది. మెట్లు దిగుతూ చదివాడు: ‘పని భారం వల్ల మనోవ్యథ. పది రోజుల విశ్రాంతి అవసరం.’

దీర్ఘంగారు నడి మెట్ల మీద ఆగిపోయాడు. వ్యకి దీర్ఘం లేదు. ధ కడుపులో అక్కర్లేని చుక్క. పైన గుడి లేదు. ఒక్క మాటలో మూడు తప్పులు! ఇంత చదువుకున్న డాక్టరమ్మ రాసే తెలుగు ఇదా అని నొచ్చుకుని, జేబులోంచి ఎర్రపెన్ను తీసి, గోడకానించి మూడూ దిద్దాడు. దిద్దాక చదివాడు. ‘మనోవ్యాధి’ అని ఉంది. తన చేత్తో రాసుకున్న జబ్బు చూసి తనే హడలిపోయిన మనిషిని నేనింతవరకూ ఈయన్నొక్కణ్ణే చూశాను.

ఇంటికి కూడా వెళ్ళకుండా ఆ కాగితం పట్టుకెళ్ళి యజమాని బల్ల మీద పెట్టాడు. యజమాని తన ప్రెస్సులో అచ్చయ్యే పుస్తకం ఒక్కటైనా పూర్తిగా చదివినవాడు కాదు. ఈ కాగితం మాత్రం పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివాడు.

“అయ్యో పాపం! రేపట్నుంచి ఇంటి పట్టున ఉండండి. మిగతావి నేను చూసుకుంటాను” అన్నాడు. మొహంలో ఎంత జాలి కనబడినా గొంతులో సంతోషం దాచలేకపోయాడు. ఆ చదువులన్నీ ఇక కంప్యూటరుకి అప్పజెబుదామని పది రోజులుగా అనుకుంటున్నాడు మరి.

సంగతి విన్న భార్య నిలబడ్డపాటున ఆయన్ని మళ్ళీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. దీర్ఘంగారు అంతా చెప్పాడు.

“నేను వ్యాధి అని రాయలేదే!” అంది డాక్టరు.

“మీరు రాసింది తప్పండీ. నేను దిద్దాను.”

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “వ్యథ అంటే తెలీదా మీకు?”

“ఎందుకు తెలీదండీ! కానీ డాక్టరు కాగితం మీద వ్యాధి ఉంటుంది గానీ వ్యథ ఎందుకుంటుందనుకున్నాను.”

భార్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “ఏమండీ, మీకు మతి పోలేదు. ఉన్నది వాడటం లేదంతే” అంది.

“వినండి, ఈసారి గోడ వంక చూడకుండా వినండి” అంది డాక్టరు. “ఒకే మాట అదేపనిగా చూస్తే ఎవరికైనా కొత్తగా కనిపిస్తుంది. మీరు ఆర్నెల్లుగా ముగ్గురి పని చేస్తున్నారు. నిద్ర పట్టకపోవడం వింత కాదు. ఇప్పుడు జబ్బేమీ కనపడటం లేదు. విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే మళ్ళీ రండి, చూద్దాం. ఒకవేళ జబ్బే అయినా మందుంటుంది, దానికోసం ఉద్యోగం వదులుకోవాల్సిన పనేముంది?”

కొత్త కాగితం పుచ్చుకుని మర్నాడు ప్రెస్సుకి వెళ్ళి, పాతదాంట్లో వ్యాధి తన దిద్దుబాటేనని చెప్పాడు. యజమాని కొత్త కాగితాన్ని పక్కకి నెట్టాడు.

“ఇరవై ఆరేళ్ళుగా మీరు దిద్దింది దిద్దినట్టు అచ్చేశాను. ఎప్పుడైనా ఇది తప్పన్నానా? ఇప్పుడు మాత్రం ఎందుకంటాను!” అన్నాడు. నవ్వుతూ ఇంకో కాగితం ముందుకు జరిపాడు. ‘అనారోగ్యం వల్ల స్వచ్చందంగా ఉద్యోగం మానుకుంటున్నాను’ అని టైపు చేసి ఉంది. “తప్పులుంటే దిద్దేసి సంతకం పెట్టండి.”

దీర్ఘంగారు చదివాడు. ఆయనకి ఒళ్ళు మండింది. ఆర్నెల్ల కిందట మండాల్సిన ఒళ్ళు అది.

“స్వచ్ఛందంగా అన్నచోట వత్తు తప్పు పడింది” అన్నాడు.

“దిద్దేయండి మరి.”

“దిద్దనండీ. వత్తు మారిస్తే అక్షరం బాగుపడుతుంది. మాట మాత్రం అబద్ధమే.” డాక్టరు కాగితం తీసి మళ్ళీ బల్ల మధ్యలో పెట్టాడు. “నేను మానుకోవడం లేదు. పది రోజులు సెలవు పెడుతున్నాను. వచ్చాక నా కట్టలే చదువుతాను.”

“మిగతా వాళ్ళవి ఎవరు చదువుతారు?”

“మీరు చదవండి. మీకు చదవడం వచ్చని నిన్న చూశాను.”

బస్సెక్కి కూర్చున్నాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. భయం వేసింది. సంసారమున్న ఏ మనిషికైనా వేసే భయమే అది, దానికి వైద్యం అక్కర్లేదు. అలా భయపడుతూనే రెండో స్టాపు రాకముందే నిద్రపోయాడు. ఆఖరి స్టాపులో కండక్టరు భుజం కుదిపి లేపాల్సొచ్చింది. తిరుగు బస్సులో కూడా ఇంటి స్టాపు దాటిపోయేదాకా మెలకువ రాలేదు.