రెండు వందల ఏళ్ళ మరక

అమెరికావాళ్ళకు స్వాతంత్ర్యం వచ్చి ఈ రోజుకు రెండు వందల ఏళ్ళట. షార్జాలో నేను వంట చేసే అమెరికా సారు ఇంట్లో సాయంత్రం విందు పెట్టారు. హాలు గోడకు ఆయన పూర్వీకుల కత్తి ఒకటి వేలాడుతుంటుంది. చుట్టాలొచ్చే రోజు ఇంట్లో ప్రతి సామానూ మెరవాలని మా అమ్మ నేర్పింది. అందుకని పొద్దున్నే ఆ కత్తిని దించి, చింతపండుతోనూ ఇసుకతోనూ తోమాను. మా గోదావరి వైపు కత్తిని తోమి ఊరుకోరు కాబట్టి పెరటి మెట్టు మీద పదునుగా నూరాను కూడా.

సారు చూసి పాలిపోయారు.

"దీని మీద మరక ఏది?"

"ఖలాస్ సార్. మొండి తుప్పు, అరగంట పట్టింది."

"అది తుప్పు కాదు. మా తాతల తాత ఈ కత్తితో ఇంగ్లీషు సిపాయి కడుపు చీల్చాడు. అది వాడి రక్తం. ఇన్నేళ్ళలో ఎవరూ కడగలేదు."

కోపంలో కత్తిని పదునువైపు పట్టుకుని లాక్కున్నారు. అరచెయ్యి ఎముక దాకా తెగింది. రక్తం పిడి దాకా పాకి, నేలంతా చిమ్మింది. ఆస్పత్రిలో తొమ్మిది కుట్లు వేశారు. ఈలోగా నేను నేల కడిగాను కానీ, మళ్ళీ తిడతారని కత్తిని మాత్రం ముట్టుకోకుండా, అలాగే గోడకు తగిలించాను.

సాయంత్రానికి రక్తం ఎండి గోధుమరంగుకు తిరిగింది. సారు కట్టు కట్టిన చేత్తోనే అతిథులకు ఆ మరక చూపించి, ఇంగ్లీషు సిపాయి కథ చెప్పారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

నేను సమోసాలు అందిస్తూ నోరు మూసుకున్నాను. మీరైతే చెప్పేవారా?